కజఖ్ ఎరుపు, తెలుగు పిడుగు

అల్మాటీలో వైద్యవిద్య చదువుతున్న ఒక పాఠకురాలు ఈ నెల ఒక ప్రశ్న పంపింది. "ఇక్కడ తెలుపును 'అక్' అంటారు. మంచు దగ్గరికి వచ్చేసరికి 'అప్పక్' అంటున్నారు. రెండూ ఒకటేనా? మధ్యలో ఆ 'ప్ప' ఎక్కణ్ణుంచి వచ్చింది?" అప్పక్ అంటే తెల్లటి తెలుపు, ఇంకే రంగూ అంటని తెలుపు అని నాలుగు ముక్కల్లో జవాబు రాసి ఊరుకోవచ్చు. కానీ ఆ 'ప్ప' వెనకున్న పనితనం తెలిశాక వదలబుద్ధి కాదు. పైగా దాని జోడీ మన బాలవ్యాకరణంలోనే కూర్చుని ఉంది.

ముందు పొడి విషయాలు గబగబా చెప్పేస్తాను. కజఖ్ తుర్కిక్ కుటుంబానికి చెందిన భాష, అందులో కిప్చాక్ శాఖ. మాట్లాడేవాళ్లు కోటి మందికి పైనే. విశేషణం నామవాచకానికి ముందు వస్తుంది. లింగ భేదం లేదు, వచనాలూ విభక్తులూ దానికి అంటవు. 'ఉల్కెన్ ఉయ్' పెద్ద ఇల్లు, 'ఉల్కెన్ ఉయ్‌లెర్' పెద్ద ఇళ్లు, 'ఉల్కెన్ ఉయ్‌లెర్‌దె' పెద్ద ఇళ్లలో. ఇల్లు ఎన్ని వేషాలు మార్చినా ఉల్కెన్ మాత్రం ఉల్కెనే. రష్యన్ విశేషణాలతో కుస్తీ పట్టినవాళ్లకు ఇది పెద్ద ఊరట, తెలుగువాళ్లకు మాత్రం ఇందులో వింతేమీ కనబడదు. పోల్చడమూ మన పద్ధతే: 'అల్మాటీ అస్తానాదన్ జిలి', అల్మాటీ అస్తానాకంటే వెచ్చన. మన 'కంటే' చేసే పని అక్కడ 'దన్' చేస్తుంది. కావాలంటే విశేషణానికి 'రక్', 'రెక్' లాంటి తోక తగిలించి 'ఇంకొంచెం వెచ్చన' అనొచ్చు, 'ఎంగ్' ముందు పెట్టి 'అన్నిటికన్నా' అనొచ్చు. ఒక్కచోట మాత్రం మనకంటే పొదుపరులు. 'జక్సి అదమ్' అంటే మంచి మనిషి, 'జక్సి ఒకిది' అంటే బాగా చదువుతాడు. మనకు మంచి, బాగా అని రెండు మాటలు కావలసినచోట వాళ్లు ఒకదానితోనే సరిపెట్టుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఎరుపుకు కజఖ్ మాట 'కిజిల్'. ఎర్రెర్రని ఎరుపు అనాలంటే మొదటి అచ్చు దాకా తుంచుకోవాలి: 'కి'. దానికి 'ప్' తగిలించాలి: 'కిప్'. ఆపైన మాట మొత్తం మళ్లీ చెప్పాలి: 'కిప్‌కిజిల్'. నలుపు 'కరా' అయితే కారునలుపు 'కప్‌కరా'. ఆకుపచ్చ 'జసిల్', పచ్చపచ్చగా ఉంటే 'జప్‌జసిల్'. పొడవు 'ఉజిన్', బారెడు పొడవు 'ఉప్‌ఉజిన్'. శుభ్రం 'తజా', అద్దంలా శుభ్రంగా ఉంటే 'తప్‌తజా'. (ఈ తజా మన తాజాకు తోబుట్టువే. పారశీకం నుంచి బయల్దేరి వాళ్ల దగ్గర శుభ్రమైంది, మన దగ్గర కూరగాయల బండి ఎక్కింది.) పాఠకురాలి 'అక్' కూడా ఇదే దారిలో 'అపక్' కావాలి. వాడుకలో ఇంకో 'ప్' చేరి అప్పక్ అయింది. అందరూ దారిన పోతుంటే నీలం ఒక్కటే పేచీ పెడుతుంది. 'కోక్' నుంచి 'కోప్‌కోక్' వస్తుందనుకుంటాం, జనం అనేది 'కోక్‌పెంగ్‌బెక్'. తల వదిలేసి తోక పెంచుకుంది!

ఇది నిన్నమొన్నటి అలవాటు కాదు. 1070లలో బాగ్దాద్‌లో కూర్చుని తుర్కిక్ మాటలకు అరబ్బీలో నిఘంటువు రాసిన మహమూద్ కాష్గరీ దీన్ని పట్టుకున్నాడు. మిగతావాళ్లు పెదవి మూసి 'ప్' అనేచోట ఓఘుజ్ తెగలవాళ్లు 'మ్' అంటారని కూడా గమనించాడు. ఆ ఓఘుజ్ శాఖలోదే నేటి టర్కిష్. అక్కడ ఒక్క 'ప్' చాల్లేదు, నాలుగు హల్లులు పంచుకున్నాయి. ఎరుపు 'కిప్‌కిర్మిజి', తెలుపు 'బెమ్‌బెయజ్', నీలం 'మస్‌మావి', శుభ్రం 'తెర్‌తెమిజ్'. ఏ మాటకు ఏ హల్లు ఎందుకు వస్తుందో సూత్రం కట్టాలని పండితులు చాలా కాగితం ఖర్చు పెట్టారు. మాటలో ఉన్న హల్లునే మళ్లీ తేకుండా తప్పించుకుంటుందన్నది కొంతవరకు నిలిచే మాట. కజఖ్‌కు ఈ తలనొప్పి దాదాపు లేదు. 'ప్' అంటే 'ప్'.

మాట మొత్తాన్ని రెండుసార్లు చెబితే సరిపోదా, ఈ తుంపులెందుకు అని అడగొచ్చు. సరిపోదు, ఎందుకంటే పూర్తి జంటకు కజఖ్‌లో వేరే పని ఉంది. 'బియిక్ బియిక్ తౌలర్' అంటే ఎత్తయిన కొండలు ఒకటి కాదు, చాలా ఉన్నాయని. మన 'పెద్దపెద్ద ఇళ్లు' లాగే. అక్కడ పెద్దతనం పెరగలేదు, ఇళ్లు పెరిగాయి. నిండుగా రెండుసార్లు అంటే సంఖ్య, తుంచి రెండుసార్లు అంటే తీవ్రత. ఒకే పరికరాన్ని సగం తిప్పితే ఒక పని, పూర్తిగా తిప్పితే ఇంకో పని.

ఇక్కడే నాకు చిన్నయసూరి గుర్తొచ్చాడు. బడిలో వల్లె వేసి మరిచిపోయిన ద్విరుక్తటకార సంధిని ఒకసారి బయటికి తీయండి. మొదట, మొదట కలిస్తే మొట్టమొదట. నడుమ, నడుమ కలిస్తే నట్టనడుమ. చిట్టచివర, తుట్టతుద, కట్టకడ, బట్టబయలు, పట్టపగలు అన్నీ ఆ బాపతే. సూరి చెప్పిన పద్ధతి ఏమిటి? మొదటి అచ్చు దాకా ఉంచు, దాని మీదున్నదంతా తీసెయ్, ఆ చోట 'ట్ట' పెట్టు, తర్వాత మాట మొత్తం మళ్లీ చెప్పు. 'ట్ట' తీసి 'ప్' పెట్టండి, కజఖ్ సూత్రం చేతికొస్తుంది! అచ్చుతో మొదలయ్యే 'ఉజిన్' 'ఉప్‌ఉజిన్' అయినట్టే మన 'ఎదురు' కూడా 'ఎట్టఎదురు' అవుతుంది. తేడా ఏమిటంటే వాళ్లు దీన్ని రంగుకూ రుచికీ స్పర్శకూ ధారాళంగా వాడతారు. మనం అంచులకూ నడుములకూ పగటిపూటకూ పరిమితం చేసి, కడాదులని జాబితా కట్టి తాళం వేశాం. తెలుపు దగ్గరికి వస్తే 'తెల్లతెల్లని' అనడమే తప్ప 'తెట్టతెలుపు' అనం. నాకైతే ఇది నష్టమే అనిపిస్తుంది.

ఆ జాబితాలోనే పిడుగు కూడా ఉంది. అల్లరి పిల్లాణ్ణి 'పిట్టపిడుగు' అంటున్నప్పుడు చాలామంది మనసులో పిచ్చుక ఎగురుతుంది. పిట్టంత పిడుగని విడదీసి చెప్పేవాళ్లనూ చూశాను. అక్కడ పిట్టా లేదు, గూడూ లేదు. పిడుగు, పిడుగు కలిసి పిట్టపిడుగు. కిజిల్ కిప్‌కిజిల్ అయినట్టే.

ఇంత దగ్గరగా కనిపిస్తే చుట్టరికం కట్టబుద్ధి అవుతుంది. రాబర్ట్ కాల్డ్వెల్‌కు అలాగే అయింది. 1856లో వచ్చిన తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో ఆయన తెలుగు, తమిళాలను తుర్కిక్, మంగోల్, ఫిన్నిష్ భాషలతో కలిపి 'సిథియన్' అనే పెద్ద కుటుంబం వైపు నడిపించాడు. ఆయన చూపిన సాక్ష్యాల్లో విశేషణం కూడా ఒకటి: సంస్కృతంలో విశేషణం నామవాచకంతో పాటు లింగ వచన విభక్తులు మారుస్తుంది, ద్రావిడంలోనూ సిథియన్‌లోనూ మారదు. ద్రావిడ భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని గట్టిగా నిలబెట్టిన మహానుభావుడే, కానీ ఈ అడుగు మాత్రం బురదలో పడింది. భాషల నిర్మాణం పోలినంత మాత్రాన బంధుత్వం రుజువు కాదు. రోజువారీ మూలపదాల్లో ధ్వనులు ఒక క్రమంలో సరిపోలాలి. తుర్కిక్‌కూ మనకూ అలాంటి లెక్క కుదరలేదు, ఆ కుటుంబ వృక్షాన్ని భాషావేత్తలు పక్కన పెట్టేశారు. కాల్డ్వెల్ మన 'ట్ట'నూ వాళ్ల 'ప్'నూ పక్కపక్కన పెట్టి చూసుంటే ఇంకా గట్టిగా పట్టు పట్టేవాడేమో!

బంధుత్వం లేకపోతే పోలిక ఎలా వచ్చింది? నా ఊహ ఛందస్సు వైపు పోతుంది. 'మొ' లఘువు. 'మొట్ట'లో అదే గురువు. 'కి' తేలిక, 'కిప్' బరువు. బల్ల గుద్ది చెప్పాలనుకున్న మనిషి మాట మొదట్లోనే గొంతును ఒక్కసారి బిగపట్టి వదులుతాడు, ఆ బిగింపుకు 'ప్', 'ట్' లాంటి స్పర్శాలు భలే నప్పుతాయి. కజఖ్‌లో ఒత్తు మామూలుగా మాట చివర పడుతుంది. ఈ మాటల్లో మాత్రం ఆ మొదటి ముక్క మీదకు దూకుతుంది. రెండు భాషలూ ఒకే కిటుకును ఎవరికివారు కనిపెట్టుకోవడానికి ఇది చాలదా?

ఇక ఉపయోగం అంటారా, అది పాఠకురాలి మంచు దగ్గరే ఉంది. 'చాలా' అనడానికి కజఖ్‌లో 'ఒతె' ఉంది, ఏ గుణం ముందు పెట్టినా పని జరిగిపోతుంది. పైపైన నేర్పే పాఠాలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి, అదే నా ఫిర్యాదు. 'ఒతె కిజిల్' అంటే అర్థమవుతుంది గానీ అంగడిలో ఆపిల్‌ను చూపి 'కిప్‌కిజిల్' అనడంలో ఉన్న మజా దానికి రాదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఎక్కువ తక్కువలున్న గుణాలకే ఈ 'ప్' అతుకుతుంది. 'కిస్కి' అంటే శీతాకాలపు అని. కోటు శీతాకాలపుదో కాదో గానీ, మరీ శీతాకాలపుది కాలేదు కాబట్టి 'కిప్‌కిస్కి' అని మాత్రం అనకూడదు.