రెండు కిలోమీటర్లే కదా!

పిల్లలూ! మీలో కొందరు తిరుమల కొండను కాలినడకన ఎక్కే ఉంటారు. ఆ మెట్ల దారులు శేషాచలం అడవుల మధ్య నుంచి పోతాయి. ఈ కొండల్లో సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర అడవిని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఎర్రచందనం చెట్టు సహజంగా పెరిగే చోటు ఇది.

కొండపైకి రెండు నడకదారులున్నాయి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి 2.1 కిలోమీటర్లే, 2388 మెట్లు.

ఒక మార్చి నెలలో మా తొమ్మిదో తరగతి పిల్లలతో శ్రీవారి మెట్టు దగ్గర దిగాను. అప్పటికే పది గంటలయింది. "రెండు కిలోమీటర్లే కదా, అరగంట పని" అన్నాను. సైన్సు పంతులునై ఉండి అలా అనవలసింది కాదు. పైకి చేరేసరికి రెండుంపావు గంటలు పట్టింది. నీళ్లు సగం దారిలోనే అయిపోయాయి. ఒక అబ్బాయికి కళ్లు తిరిగి మెట్టుమీదే కూలబడ్డాడు. నీడకు చేర్చి, తోటి యాత్రికులిచ్చిన నీళ్లు తాగించాక తేరుకున్నాడు.

పొరపాటు ఎక్కడ? నేను దూరం చూశానే గాని ఎత్తు చూడలేదు.

1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సులువైన లెక్క చెప్పాడు. దాన్ని మన కొలతల్లోకి మార్చుకుంటే, నడిచే ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. ఒక్కో మెట్టు 18 సెంటీమీటర్లనుకుందాం. శ్రీవారి మెట్టులో 2388 మెట్లంటే 430 మీటర్ల ఎత్తు. దూరానికి 25 నిమిషాలు, ఎత్తుకు 43 నిమిషాలు. వెరసి 68 నిమిషాలు. చూశారా, ఎత్తుకే ఎక్కువ కాలం! ఇదైనా ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. పిల్లలకు ఇంకో సగం కలపాలి. జట్టు వేగం అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి వేగమే. అలిపిరి దారికి ఎంత పడుతుందో మీరే కట్టి చూడండి.

ఇక నీళ్ల సంగతి. 40 కిలోల అబ్బాయి 430 మీటర్లు పైకి పోవడమంటే 40 × 9.8 × 430, అంటే దాదాపు 1,68,000 జౌళ్ల పని. మన కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగో వంతే పనిగా మారుతుంది. మిగిలిన మూడు వంతులు వేడి అవుతుంది. ఆ 5 లక్షల జౌళ్లను బయటికి పంపాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల చెమట ఆవిరి కావాలి. కాని చెమటంతా ఆవిరి కాదు. కారి నేలరాలిన చుక్క ఒంటిని చల్లబరచదు. పైగా ఎండ వేడి వేరే. అందుకే మనిషికి లీటరు నీళ్లు చేతిలో ఉండాలి. దాహం వేయకముందే గుక్కెడు గుక్కెడుగా తాగాలి.

దారి తెరిచి ఉందో లేదో కూడా ముందే కనుక్కోవాలి. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతిని, 2022 మే నెల వరకు మూతపడింది.

మరొక మాట, భయపెట్టడానికి కాదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలయింది. ఆ తరువాత పిల్లలతో నడిచేవారికి వేళలు నిర్ణయించారు. బయలుదేరే రోజున ఏ వేళలు అమలులో ఉన్నాయో అడిగి తెలుసుకోండి. పరుగెత్తి ముందుకు పోవడం, ఒంటరిగా వెనుకబడటం రెండూ వద్దు. తిండి పారేస్తే కోతులు, కుక్కలు దారికి చేరతాయి. వాటికోసం చిరుత కూడా రావచ్చు.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం, ఈసారి జనవరిలో, పొద్దున్నే. ముందు ఒక పెద్దవాడు, చివర నేను. మధ్యలో ఎనిమిదిసార్లు ఆగాం. గంటా నలభై నిమిషాల్లో పైకి చేరాం. కిందటిసారి కళ్లు తిరిగిన అబ్బాయి ఆగిన ప్రతిచోటా స్కేలుతో మెట్టు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఎనిమిది కొలతల్లో ఏ రెండూ సరిపోలలేదు. "మీ పద్దెనిమిది ఎక్కడ మాస్టారూ?" అని అడిగాడు. ఎనిమిదింటినీ కూడి, ఎనిమిదితో భాగించమన్నాను.