ఓటరు ఒక్కడే, లెక్కలు వేరు

మోతె ప్రాంతమున ఎన్నికల ప్రస్తావన వచ్చినపుడెల్ల పెద్దలు 1952వ సంవత్సరమును తలచుకొనుట కద్దు. ఆ మొదటి సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండ నుండి లోక్‌సభకు నిలిచిన రావి నారాయణరెడ్డిగారు 3,09,162 ఓట్లు పొందిరి. అలహాబాదు ప్రాంతమున నెహ్రూగారికి వచ్చినవి 2,33,571. నెహ్రూను మించినవాడు మావాడన్న గర్వము నేటికిని చల్లారలేదు. గర్వము న్యాయమైనదే. అయితే ఆ అంకెలను బడిలో చెప్పునపుడు ఒక మాట కలుపవలెను. నాడు ఆ రెండును ద్విసభ్య నియోజకవర్గములు. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. రెండింటిని ఒక్కరికే వేయరాదు. నల్లగొండలో రావివారితోపాటు షెడ్యూల్డు కులములకు ప్రత్యేకించిన స్థానమున సుంకం అచ్చాలుగారు గెలిచిరి. మూడు లక్షల పైచిలుకు జనము రావివారిని కోరినమాట నిజమే. కాని వారిలో ఎందరికి ఆయన మొదటివాడో, ఎందరికి రెండవవాడో ఆ లెక్క చెప్పదు.

ఈ లోటు ఎంతటిదో చూపుటకు నల్లబల్లయు, సుద్దముక్కయు చాలును. మోతెలో ఒక తరగతియందు 45 మంది విద్యార్థులున్నారనుకొందము. విహారయాత్రకు నాగార్జునసాగరమా, పిల్లలమఱ్ఱియా, మట్టపల్లియా అని పంతులుగారడిగిరి. 18 మంది సాగరము, పిల్లలమఱ్ఱి, మట్టపల్లి అను వరుసను వ్రాసిరి. 15 మంది మట్టపల్లి, పిల్లలమఱ్ఱి, సాగరము అనిరి. తక్కిన 12 మందికి పిల్లలమఱ్ఱి మొదటిది, మట్టపల్లి రెండవది, సాగరము కడపటిది.

సర్పంచి మొదలు లోక్‌సభ సభ్యుని వరకు నేడు మనము పాటించుచున్న ఒక్క గుర్తు పద్ధతిలో సాగరము 18 ఓట్లతో గెలుచును. 27 మందికి అది కడపటి కోరికయైనను సరే. తక్కువ ఓట్లు వచ్చిన పిల్లలమఱ్ఱిని తొలగించి, ఆ 12 మంది రెండవ కోరికను లెక్కించినచో మట్టపల్లికి 27 ఓట్లగును; గెలుపు దానిది. ఇక మొదటి కోరికకు రెండు మార్కులు, రెండవదానికి ఒకటి వేసి కూడినచో పిల్లలమఱ్ఱికి 57, మట్టపల్లికి 42, సాగరమునకు 36. కాగితములు అవే, పిల్లలు వారే. బస్సు మాత్రము మూడు త్రోవల పోవుచున్నది! కనుకనే పద్ధతిని కాగితములు విప్పకముందే ప్రకటింపవలెను. విప్పిన పిదప పద్ధతిని ఎన్నుకొనువాడు గమ్యమునే ఎన్నుకొనుచున్నాడు.

ఈ మార్కుల పద్ధతిని పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు బోర్డా ప్రతిపాదించెను. ఆయన సమకాలికుడు కాండొర్సే 1785లో వేరొక గీటురాయి చూపెను. అభ్యర్థులను ఇద్దరేసి చొప్పున పోటీకి నిలిపినపుడు అందరిని ఓడింపగలవాడే న్యాయమైన విజేత యని ఆయన వాదము. మన తరగతిలో పిల్లలమఱ్ఱి సాగరమును 27–18తోను, మట్టపల్లిని 30–15తోను జయించును. మొదటి రెండు పద్ధతులును దానిని కానలేకపోయినవి. మఱియొక న్యాయము: ఓడువాని ఉనికి గెలుచువానిని మార్చరాదు. మట్టపల్లి పేరే లేనియెడల ఒక్క గుర్తు పద్ధతిలోనే పిల్లలమఱ్ఱి 27 ఓట్లతో గెలిచెడిది. ఓట్లు చీలినవని మన రచ్చబండల మీద చెప్పుకొనునది ఇదియే.

అట్లని మార్కుల పద్ధతి నిర్దోషము కాదు. ఐదుగురిలో ముగ్గురు ఒకనిని మొదట, వేరొకనిని రెండవవానిగా వ్రాసి, తక్కిన ఇద్దరు ఆ రెండవవానిని మొదట, మొదటివానిని కడపట వ్రాసిరేని, మొదటివానికి ఆరు, రెండవవానికి ఏడు మార్కులు వచ్చును. సగముకంటె ఎక్కువమంది కోరినవాడు ఓడినాడు! కాండొర్సే మార్గమున ఒక్కొక్కపుడు రాముడు భీముని, భీముడు సోముని, సోముడు తిరిగి రాముని ఓడించి, విజేతయే తేలడు. ముగ్గురు, అంతకు మించిన అభ్యర్థులున్నపుడు వరుసలపై ఆధారపడిన ఏ పద్ధతియు ఇట్టి కొలది న్యాయములన్నింటిని ఎల్లవేళల నిలుపజాలదని, నిలుపునది ఒక్కని నియంతృత్వమే యని అమెరికా ఆర్థికశాస్త్రవేత్త కెన్నెత్ ఏరో 1951లో నిరూపించెను.

ఈ చిక్కులు వి.వి. గిరిగారికి తెలిసినంతగా మఱియొక తెలుగువానికి తెలిసియుండవు. 1957లో పార్వతీపురము ద్విసభ్య స్థానమున ఆయన 565 ఓట్ల తేడాతో ఓడిరి. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకించినది. ఇద్దరు గిరిజన అభ్యర్థులకు ఆయనకంటె ఎక్కువ ఓట్లు వచ్చుటచే రెండును వారికే దక్కినవి. సాధారణ స్థానము అందరిది గనుక అది న్యాయమనియే నా అభిప్రాయము. 1959లో సుప్రీంకోర్టును గిరిగారి వాదమును అంగీకరింపలేదు. ద్విసభ్య స్థానములు 1961 చట్టముతో రద్దయినవి.

1969 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు ప్రధాన ప్రత్యర్థి మఱియొక తెలుగువాడు, నీలం సంజీవరెడ్డిగారు. అచట ఓటరు 1, 2, 3 అని వరుస వ్రాయును. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 విలువగల ఓట్లు వచ్చినవి. గెలుపునకు కావలసినది 4,18,169. ఎవరికిని రాలేదు. తక్కినవారి కాగితములపై రెండవ కోరికలు లెక్కించిన పిదప గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427. గెలిచినది గిరిగారే, కాని 87,967 ఉన్న ఆధిక్యము 14,650కి దిగినది. దేశ్‌ముఖ్‌గారిని కోరినవారిలో అత్యధికులు రెండవవానిగా రెడ్డిగారిని వ్రాసిరన్నమాట. ఒక్క గుర్తు పద్ధతియే యుండినచో ఆ సంగతి ఎవరికిని తెలియకపోయెడిది.