జిన్నింగ్ మిల్లులో ఖర్చు లెక్క: ఒక్క శాతం దూదిలోనే లాభనష్టాలు

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై నార్కట్‌పల్లి, నకిరేకల్‌ల మధ్యనున్న కట్టంగూర్ పరిసరాల్లో పత్తి ముఖ్యమైన వాణిజ్య పంట. ఏటా అక్టోబరు, నవంబరులలో కొత్త సరకు రాక మొదలై చలికాలమంతా సాగుతుంది. చేలో తీసిన పత్తి నుంచి దూదిని, గింజలను వేరుచేసి, దూదిని బేళ్లుగా కట్టేది జిన్నింగ్ మిల్లు. ఇక్కడ ఖర్చు లెక్క సరిగా లేకపోతే నష్టం మిల్లుదారుతో ఆగదు. ఏ దశలో ఎంత పోతున్నదో తెలియనివారు భద్రత కోసం కొనుగోలు రేటు తగ్గిస్తారు. ఆ భారం రైతుపై పడుతుంది.

ఖర్చు అనగానే కరెంటు బిల్లు, హమాలీ, గోనె, ఇనుప పట్టీలు గుర్తుకు వస్తాయి. వాస్తవానికి మిల్లు లాభనష్టాలను తేల్చేది దూది శాతం. సాధారణంగా 100 కిలోల పత్తికి 33 లేక 34 కిలోల దూది, 64 లేక 65 కిలోల గింజలు వస్తాయి. మిగిలినది చెత్త, తరుగు.

లెక్క సులువుగా ఉండటానికి కొన్ని ధరలను ఊహించుకుందాం. క్వింటాలు 7,000 రూపాయల చొప్పున 100 క్వింటాళ్ల పత్తి కొంటే పెట్టుబడి 7,00,000 రూపాయలు. దూది క్వింటాలు 15,500 (355.6 కిలోల క్యాండీ సుమారు 55,000), గింజలు 3,500 అనుకుంటే, 33 క్వింటాళ్ల దూదికి 5,11,500, 65 క్వింటాళ్ల గింజలకు 2,27,500, మొత్తం 7,39,000 రూపాయలు వస్తాయి. ఆడించే ఖర్చులన్నీ క్వింటాలు పత్తికి 300 చొప్పున 30,000 తీసివేస్తే మిగులు 9,000 రూపాయలు.

ఇప్పుడు దూది ఒక్క శాతం తగ్గిందనుకోండి. ఆ దూది గింజకు అంటుకుని పోతే గింజల ధరకే అమ్ముడవుతుంది. నష్టం 12,000; మిగులు పోయి 3,000 లోటు పడుతుంది. చెత్తలో కలిస్తే నష్టం 15,500, లోటు 6,500. అదే సరకుకు కరెంటు ఖర్చు 4,000 అనుకుని దానిలో పదో వంతు ఆదా చేసినా మిగిలేది 400 రూపాయలే. పొదుపు ఎక్కడ మొదలుపెట్టాలో ఈ అంకెలే చెబుతున్నాయి.

దూది శాతం పడిపోవడానికి కారణాలు యంత్రం దగ్గరే కనిపిస్తాయి. రోలర్లు అరిగి గాళ్లు పూడుకుపోవడం, కత్తులకు రోలరుకు మధ్య సర్దుబాటు తప్పడం, ఒకేసారి ఎక్కువ పత్తి వేయడం వీటిలో ముఖ్యమైనవి. తడి పత్తి యంత్రంలో చుట్టుకుని పని మందగిస్తుంది. మరీ ఎండిన పత్తిలో పోగు తెగి నాణ్యత తగ్గుతుంది. యంత్రం నుంచి పడే గింజలను పూటకొకసారి గుప్పెడు తీసి చూస్తే లోపం ఆనాడే బయటపడుతుంది.

రెండవది తేమ. 12 శాతం తేమ ఉన్న 100 క్వింటాళ్ల పత్తి 8 శాతానికి ఆరితే 95.65 క్వింటాళ్లే తూగుతుంది. తేమ చూడకుండా 7,000 చొప్పున కొన్నవారు సుమారు 30,000 రూపాయలు నీటికి చెల్లించినట్లే. అలాగని చేతితో పట్టి చూసి తరుగు తీయడం కూడా న్యాయం కాదు. ఆరిన సరకు తెచ్చిన రైతు కూడా నష్టపోతాడు. 2025–26 సీజనుకు పొడవు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర 8,110 రూపాయలు 8 శాతం తేమకు వర్తిస్తుంది. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం తగ్గిస్తారు. 12 దాటితే కాటన్ కార్పొరేషన్ తీసుకోదు. అంటే 12 శాతానికి 7,785.60 రూపాయలు. కొలత సక్రమంగా ఉంటే తడి సరకు తూకానికి, ఆరిన సరకు ధరకు చెల్లు. రైతు చేతికి దాదాపు ఒకే మొత్తం వస్తుంది.

పై లెక్కను 8,110 రూపాయలతో వేస్తే పత్తికే 8,11,000 అవుతుంది. దూది, గింజల ధరలు అలాగే ఉంటే ఏ పొదుపూ ఆ తేడాను పూడ్చలేదు. మార్కెట్ అలా ఉన్న రోజుల్లో రైతుకు కార్పొరేషన్ కొనుగోళ్లే ఆధారం.

మూడవది ఖాళీగా గడిచే కాలం. వడ్డీ, బీమా, జీతాలు, కరెంటు స్థిర ఛార్జీలు మిల్లు నడిచినా ఆగినా తప్పవు. ఇవి సీజనుకు 15 లక్షలనుకుంటే, 170 కిలోల బేళ్లు 5,000 కట్టిన మిల్లుకు బేలుకు 300 పడుతుంది. 3,000 మాత్రమే కట్టిన మిల్లుకు 500 పడుతుంది. మరమ్మతులు సీజనుకు ముందే ముగించడంలోని లాభం ఇదే.

దీనికి పెద్ద సాధనాలేమీ అక్కరలేదు. లోపలికి వచ్చిన పత్తి, బయటకు వచ్చిన దూది, గింజలు, చెత్త లాటు వారీగా కాంటా వేసి, తేమ, కరెంటు యూనిట్లతో సహా రోజూ ఒక పుస్తకంలో రాస్తే చాలు. వచ్చినదానికి, పోయినదానికి పొంతన కుదరని రోజున కారణం వెదకాలి. ఆ పుస్తకం ఉన్న మిల్లుదారు రైతుకు ఎంత వరకు ఇవ్వగలడో ధైర్యంగా చెప్పగలడు.