సముదాయంలో చోటెవరికి? - సైబరాబాద్ నేపథ్యంలో సాముదాయక సంప్రదాయవాద విమర్శ

1. ఉపోద్ఘాతం:
మనిషిని కుటుంబం, కులం, గుడి, ఊరు తీర్చిదిద్దుతాయనీ, వాటిని కాపాడుకోవడమే ధర్మమనీ చెప్పేది సాముదాయక సంప్రదాయవాదం. 1965లో దీనదయాళ్ ఉపాధ్యాయ వివరించిన ఏకాత్మ మానవవాదం సమాజాన్ని వ్యక్తుల ఒప్పందంగా గాక స్వయంభువుగా భావించింది. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ గుడి, జమీ, సేద్యం పెనవేసుకొన్న గ్రామజీవనం శిథిలం కావడాన్ని విషాదంగా చిత్రించింది. విపణి మనిషిని ఒంటరిని చేస్తుందన్న ఈ ధోరణి ఆక్షేపణలో సత్యం ఉంది. అయితే సముదాయంలో చోటెవరికన్న ప్రశ్న మిగిలే ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్ చుట్టూ విస్తరించిన ఐటీ కారిడార్ ఆ ప్రశ్నకు తగిన పరీక్షాస్థలం.

2. ఆర్థికం:
గచ్చిబౌలి, కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీలలో పండుగలు కలిసి చేసుకొంటారు. కష్టకాలంలో ఇరుగుపొరుగు తోడుంటారు. కాని 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం చెప్పే సంఘం ఫ్లాటు యజమానులది. వాచ్‌మన్, పనిమనిషి అందులో సభ్యులు కారు. వారికి పండుగ బట్టలు అందవచ్చు. జీతం నిర్ణయించే చోట మాట ఉండదు. దయ హక్కుకు బదులుగా నిలిచినప్పుడు సముదాయం ఆస్తికి మరో పేరవుతుంది.

3. నైతికం:
అమెరికా వేళలకు పనిచేసే యువతికి రాత్రి షిఫ్టు జీవనాధారం. పెద్దల అదుపే రక్షణ అనే నీతి ఆమె రాకపోకలను కట్టడి చేస్తుందే గాని వేధించేవాడిని కాదు. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్ ఆమెను ఒక ఇంటి ఆడపిల్లగా గాక ఫిర్యాదు చేసే పౌరురాలిగా గుర్తించే ఏర్పాటు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్, ముసాయిదా గ్రామాన్ని విడిచి వ్యక్తిని ప్రమాణంగా స్వీకరించినందుకు హర్షించడంలోని అంతరార్థమిదే.

4. దైవం:
‘వీసా బాలాజీ’గా పేరొందిన చిలుకూరు స్వామికి కోరికతో 11, అది తీరితే 108 ప్రదక్షిణలు చేస్తారు. ఈ మొక్కు బేరంలా కనిపించినా గుడిలో హుండీ లేదు. ధనాన్ని బట్టి దర్శనం మారదు. 2018 ఏప్రిల్‌లో ఆ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుని భుజాలపై మోసుకొని జియాగూడ రంగనాథాలయంలోకి ప్రవేశించారు. తిరుప్పాణాళ్వార్ కథే ఈ మునివాహన సేవకు మూలం. సంప్రదాయం తన లోపాన్ని తన సంపదతోనే దిద్దుకోగలదని ఈ ఘటన చాటింది. అయితే మోసేవారి ఔదార్యం అవసరపడినంతకాలం ప్రవేశం హక్కుగా అనుభవంలోకి రాలేదనే అర్థం.

5. ముగింపు:
సముదాయాన్ని నిరాకరించడం ఈ విమర్శ లక్ష్యం కాదు. ఒంటరితనానికి విరుగుడు సముదాయమే. కాని అందులో చేరే హక్కు, ప్రశ్నించే హక్కు, విడిచిపోయే హక్కు సమానంగా ఉన్నప్పుడే అది ధర్మమనిపించుకొంటుంది. లేనినాడు గేటు మాత్రమే మిగులుతుంది.