నక్షత్ర కాంతిలో ఒకటిన్నర శాతం

రాత్రివేళ వీధిదీపం చుట్టూ పురుగులు తిరుగుతుంటాయి. దగ్గర నిలబడితే ఒక్కొక్క పురుగూ కనిపిస్తుంది. ఊరి చివరనుండి చూస్తే దీపం మాత్రమే కనిపిస్తుంది. అయితే ఒక పురుగు సరిగ్గా మన చూపుకూ దీపానికీ మధ్యకు వచ్చినప్పుడు ఆ వెలుగు అణుమాత్రం తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలవగలిగితే కనిపించని పురుగు ఉనికినీ, పరిమాణాన్నీ కూడా తెలుసుకోవచ్చు.

సుదూర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను శాస్త్రజ్ఞులు ఇదే విధంగా కనుగొంటున్నారు. గ్రహం తన నక్షత్ర బింబం మీదుగా సాగిపోవడాన్ని ‘ట్రాన్సిట్’ అంటారు. 2012 జూన్ 6 ఉదయం శుక్రుడు సూర్యబింబంపై నల్లని చుక్కలా సాగిపోయిన దృశ్యం మన దేశంలోనూ కనిపించింది. అది మన ఇంటి సూర్యుని సంగతి. మరొక సూర్యుని ముందు మరొక గ్రహం సాగిపోవడాన్ని మానవుడు తొలిసారి గమనించిన వృత్తాంతాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

అనుమానాల నడుమ

1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు పెగాసస్ రాశిలోని ఒక నక్షత్రం క్రమబద్ధంగా ముందుకూ వెనుకకూ ఊగుతున్నట్లు కనుగొన్నారు. గురుగ్రహంలో కనీసం సగం బరువున్న ఒక గ్రహం కేవలం 4.2 రోజులకొకసారి దాని చుట్టూ తిరుగుతూ, దానిని లాగుతున్నదని వారు ప్రకటించారు. ఈ మాట ఎందరికో మింగుడు పడలేదు. మన గురుగ్రహం సూర్యుని చుట్టూ తిరగడానికి దాదాపు 12 సంవత్సరాలు పడుతుంది. అంతటి భారీ గ్రహం నక్షత్రానికి అంత చేరువలో ఎలా ఉంటుంది? నిజానికి అటువంటి గ్రహాలు ఉండవచ్చనీ, వాటిని వెదకవచ్చనీ ఒట్టో స్ట్రూవ్ 1952లోనే వ్రాశారు. దానిని పట్టించుకున్నవారు అరుదు. మన సౌరకుటుంబమే అన్నింటికీ కొలబద్ద అన్న భావన అంతగా పాతుకుపోయింది.

అది గ్రహం కాదు, నక్షత్రం తనంతట తాను స్పందించడమే కావచ్చునని 1997లో డేవిడ్ గ్రే సందేహం లేవనెత్తారు. మరుసటి సంవత్సరం మరింత నిశితంగా పరిశీలించి, ఆ స్పందనలు కనిపించడం లేదని ఆయనే ప్రకటించారు. తన మాటను తానే సరిదిద్దుకోవడానికి ఆయన వెనుకాడలేదు. అయినా ప్రత్యక్ష సాక్ష్యం కావలసి ఉంది. గ్రహమే గనుక ఉంటే, ఏదో ఒక నక్షత్రం విషయంలోనైనా, లెక్క చెప్పిన సమయానికే దాని కాంతి తగ్గాలి. ఇంత చేరువగా తిరిగే గ్రహాలలో సుమారు పదింట ఒకటి మాత్రమే మన చూపుకు అడ్డంగా వస్తుంది. అందువల్ల ఓపికతో వెదకవలసి వచ్చింది.

సమయానికి వచ్చిన సాక్ష్యం

1999 సెప్టెంబరులో అమెరికాలోని కొలరాడోలో, అప్పటికి విద్యార్థిగా ఉన్న డేవిడ్ షార్బొనో, టిమొతీ బ్రౌన్‌తో కలిసి ఒక చిన్న టెలిస్కోపును పెగాసస్‌లోని హెచ్‌డి 209458 అనే నక్షత్రం వైపు తిప్పారు. ఆ టెలిస్కోపు వ్యాసం సుమారు 10 సెంటీమీటర్లు మాత్రమే. లెక్క ప్రకారం రావలసిన వేళకే నక్షత్ర కాంతి ఒకటిన్నర శాతం మేర తగ్గింది. దాదాపు మూడు గంటల తరువాత తిరిగి యథాస్థితికి వచ్చింది. నవంబరులో గ్రెగ్ హెన్రీ బృందం అరిజోనా నుండి స్వతంత్రంగా అదే కాంతి తగ్గుదలను గమనించింది. సందేహం తీరిపోయింది.

ఊగిసలాట బరువును చెప్పింది. కాంతి తగ్గుదల పరిమాణాన్ని చెప్పింది. బరువులో గురుగ్రహంలో 70 శాతమే అయినా, వ్యాసంలో దానికంటే దాదాపు మూడోవంతు పెద్దది. అంటే దాని సాంద్రత నీటికంటే తక్కువ! ఆ గ్రహ వాయుమండలంలో సోడియం ఉన్నట్లు 2001లో హబుల్ టెలిస్కోపు ద్వారా తెలిసింది.

అన్నింటికంటే ఆలోచింపజేసే విషయం మరొకటి ఉంది. 1989 నుండి 1993 వరకు నక్షత్రాలను కొలిచిన హిప్పార్కస్ ఉపగ్రహం నమోదులను శాస్త్రజ్ఞులు తరువాత తిరగవేశారు. ఈ నక్షత్ర కాంతి తగ్గిన సందర్భాలు అందులో ముందే నమోదై ఉన్నాయి! సాక్ష్యం సంవత్సరాల తరబడి కళ్ళముందే ఉన్నది, అడిగినవారే లేరు.

ఒక్క సాక్ష్యం చాలదు

అయితే కాంతి తగ్గిన ప్రతిచోటా గ్రహం ఉన్నట్లు కాదు. రెండు నక్షత్రాలు ఒకదానినొకటి మరుగుపరచినా కాంతి తగ్గుతుంది. అందుకే ఊగిసలాటను కూడా కొలిచి నిర్ధారిస్తారు. టెస్ ఉపగ్రహం గమనించిన ఒక కాంతి తగ్గుదలను మన దేశ శాస్త్రజ్ఞులు మౌంట్ ఆబూలోని 1.2 మీటర్ల టెలిస్కోపుతో ఈ విధంగానే పరీక్షించారు. 3.2 రోజులలో తన నక్షత్రాన్ని చుట్టివచ్చే భారీ గ్రహం అక్కడ ఉన్నదని 2021లో ప్రకటించారు.

అక్టోబరు, నవంబరు నెలల సాయంత్రాలలో మన నడినెత్తికి దగ్గరగా నాలుగు నక్షత్రాల పెద్ద చతురస్రం కనిపిస్తుంది. అదే పెగాసస్ జాడ. అందులోని మార్కబ్, అల్జెనిబ్ అనే పేర్లు అరబీ భాష నుండి వచ్చినవే. క్రీ.శ. 964 ప్రాంతంలో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ ఈ నక్షత్రాల ప్రకాశాన్ని తన గ్రంథంలో నమోదు చేశారు. టాలెమీ వ్రాసిన కొలతలను ఉన్నవి ఉన్నట్లు అప్పగించక, తన కంటితో చూసి సరిచూశారు. కంటితో కొలిచిన ఆయనకూ, యంత్రంతో కొలిచిన షార్బొనోకూ మధ్య వెయ్యేళ్ళు గడిచాయి. సరిచూసుకోవాలనే పద్ధతి మాత్రం మారలేదు. మన పిల్లలకు ఆ చతురస్రాన్ని చూపించేటప్పుడు ఈ మాట కూడా చెబుదాం.