పందులు చేను తిన్న రైతు, వన్యప్రాణి సంఘానికి కోశాధికారి అయితే...



పైన వీడియోలో మీరు చూసింది మా వేరుశనగ చేనే. అడవి పందులు ఒక్క రాత్రిలో అర ఎకరం కుళ్లబొడిచి పోయాయి. అది తీసిన రోజు సాయంత్రమే నేను బండి వేసుకుని టౌనుకి మీటింగుకి పోయాను. ఏం మీటింగు అనుకున్నారు? వన్యప్రాణి సంరక్షణ సంఘం మీటింగు. దానికి నేను కోశాధికారిని. ఇది తెలిసి మా మామ అన్న మాట ఊరంతా పాకింది: "పందులు పంట తింటా ఉంటే, నువ్వు పోయి ఆ పందుల పద్దులు రాస్తా ఉండావా అల్లుడూ?"

కామెంట్లలో కూడా చాలామంది ఇదే అడిగారు. అందుకే ఈసారి కషాయాల గురించి కాకుండా ఈ సంగతి రాస్తున్నాను. రేపు మీలో ఎవరినైనా ఎఫ్‌పీఓలోనో, గుడి కమిటీలోనో, ఇలాంటి సంఘంలోనో "డబ్బు నువ్వు చూడు" అని కూర్చోబెడితే పనికొస్తుంది.

ఎందుకు ఒప్పుకున్నాను

మాది నల్లమల అంచు. 1983లో టైగర్ రిజర్వ్ అయిన నాగార్జునసాగర్ – శ్రీశైలం అడవి మా చేల చివరనుంచే మొదలవుతుంది. మాకు పులి కనపడటం అరుదు. చిరుతతోనే బాధ. మేకల మందలో పడుతుంది, ఒకటి తినటానికి నాలుగు చంపుతుంది. ప్రభుత్వం పరిహారం ఇస్తుంది గానీ దానికి పద్ధతి ఉంది. బీట్ ఆఫీసరుకు చెప్పాలి, కళేబరం కదపకూడదు, పశువుల డాక్టరు చూసి సర్టిఫికెట్ రాయాలి, ఫొటోలు పెట్టాలి. ఇవన్నీ అయి డబ్బు చేతికి వచ్చేసరికి నెలలు పడుతుంది.

ఈ మధ్య కాలంలోనే ప్రమాదం. కడుపు మండిన మనిషి, మిగిలిన మేక కళేబరంలో గుళికల మందు కలిపి అక్కడే వదిలేస్తాడు. రాత్రికి చిరుత మళ్లీ వచ్చి తింటుంది. దానితోపాటు నక్క, కుక్క, గద్ద, ఏది తింటే అది పోతుంది. ఆ మందు నీళ్లలో కలిస్తే పశువులూ పోతాయి. ఫోరేట్ గుళికల వాడకం 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. అయినా పాత డబ్బాలు అటకల మీద ఇంకా ఉన్నాయి. మనం చేలోంచి తరిమేసిన విషం అడవిలోకి పోతోందన్న మాట. ప్రకృతి సేద్యం చేసేవాడికి ఇది పరాయి సంగతి ఎలా అవుతుంది?

ఈ సంఘం వాళ్లు చేసేది చిన్న పని. మేక చచ్చిన 48 గంటల్లో మేకకు 4,000 రూపాయల లెక్కన కాపరి చేతిలో పెడతారు. మేక ధరలో అది సగం కూడా కాదు. కానీ ఆ కోపం చల్లారటానికి సరిపోతుంది. ప్రభుత్వ పరిహారం కాగితాలు కూడా వాళ్లే రాసిపెడతారు. సంఘంలో రిటైరైన సైన్సు మాస్టారు, పశువుల డాక్టరు, ఇద్దరు ఉద్యోగులు, మాలాంటి రైతులు ఉన్నారు. పాత కోశాధికారి కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయాక, మాస్టారు మా గానుగ దగ్గరికి వచ్చారు. "పాదముద్ర చూసి చిరుతో దుమ్ములగొండో చెప్పేవాళ్లు మాకు ఉన్నారు నాయనా. పద్దు చూసి నిజమో అబద్ధమో చెప్పేవాళ్లు లేరు" అన్నారు.

నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. సాగు ఖర్చు లెక్కలు నేర్పారు గానీ సంఘం లెక్కలు కాదు. గానుగ నూనె, కొర్రల వ్యాపారం పెట్టి జీఎస్టీ బిల్లులతో కుస్తీ పట్టటమే నా అనుభవం. జీతం లేదు, బండి పెట్రోలు కూడా నాదే. సరే అన్నాను.

తవుడు బస్తాలో బిల్లులు

మొదటి రోజు నా చేతికి వచ్చినవి ఒక రిజిస్టరు, రెండు చెక్కు బుక్కులు, ఒక తవుడు బస్తా నిండా బిల్లులు. చెక్కుల్లో మూడింటిమీద మాస్టారి సంతకం ముందే పెట్టి ఉంది, అంకె లేదు, పేరు లేదు. "నేను ఊళ్లో లేనప్పుడు ఇబ్బంది కాకూడదని" అన్నారు. ఆయన మంచితనంలో నాకు అనుమానం లేదు. కానీ ఆ మూడు చెక్కులూ అక్కడే అడ్డంగా గీసి రద్దు చేశాను.

తర్వాత రెండు నెలలు రోజూ సాయంత్రం గానుగ ఆపాక గంటసేపు కూర్చున్నాను. బిల్లులు తేదీ వారీగా పెట్టటం, ప్రతి ఖర్చుకూ వోచరు, మా పుస్తకానికీ బ్యాంకు స్టేట్‌మెంటుకూ పైసాతో సహా పొంతన చూడటం. ఇది కలుపు తీయటం లాంటి పనే. ఎవరూ మెచ్చుకోరు, మానేస్తే మాత్రం అందరికీ కనపడుతుంది.

మూడో నెలలో కలుపు కాదు, పుచ్చే బయటపడింది.

విత్తనపు గింజలు వండుకున్నారు

మేకల సాయం కోసమే అని రాసి ఒక దాత సంస్థ 3,00,000 ఇచ్చింది. అప్పటికి 36 మేకలకు 1,44,000 చెల్లించారు. అంటే బ్యాంకులో 1,56,000 ఉండాలి. ఉన్నది 9,500.

మూడుసార్లు కూడాను. తేడా 1,46,500. ఎక్కడికి పోయిందో వోచర్లలోనే దొరికింది. నలుగురు వాచర్లకు నెలకు 9,000 చొప్పున మూడు నెలల జీతం 1,08,000. జీపు డీజిలు, రిపేరు 38,500. వాచర్ల జీతాలకు ఇంకో చోటనుంచి రావాల్సిన గ్రాంటు ఆలస్యమైంది. ఉన్న డబ్బు అదే కదా అని ఇది వాడేశారు. ఎవరి జేబులోకీ ఒక్క రూపాయి పోలేదు. నలుగురి పొయ్యి ఆరకుండా చూశారు, అంతే.

అయినా తప్పు తప్పే. మనకు అర్థమయ్యే మాటల్లో చెబుతాను. విత్తనానికి కట్టి పెట్టిన గింజలు, తిండికి పెట్టిన గింజలు ఒకే ఇంట్లో ఉంటాయి. ఆకలేసి విత్తనపు మూట విప్పితే దొంగతనం అని ఎవరూ అనరు. కానీ వాన పడిన రోజు చేలో ఏం చల్లుతాం?

మాకు ఆ వాన వారం తిరక్కుండానే పడింది. అడవి పక్క పల్లెలో ఒక పెద్దాయన మందలో ఒకే రాత్రి ఐదు మేకలు పోయాయి. ఆయనకు 20,000 ఇవ్వాలి. అంతకుముందే ఇంకో ఇద్దరికి మూడు మేకల తాలూకు 12,000 బాకీ ఉంది. మొత్తం 32,000. చేతిలో 9,500.

రెండు రోజులు గడిచాయి, నాలుగు గడిచాయి. ఐదో రోజు మా వాచరు ఫోన్ చేశాడు. "అన్నా, పెద్దాయన ఎవరింట్లోనో పాత గుళికల పొట్లం ఉందా అని అడుగుతున్నాడంట" అన్నాడు.

ఆ మీటింగు

అత్యవసరంగా కమిటీని కూర్చోబెట్టాను. లెక్క కాగితం మీద రాసి అందరి ముందూ పెట్టాను. మాస్టారి ముఖం ఎర్రబడింది. "ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. నన్ను దొంగ అంటున్నావా?" అన్నారు. "లేదు సార్. డబ్బు పోలేదు, మాట పోయింది అంటున్నాను" అన్నాను. ఇంకొకాయన, "ఏడాది చివర్లో ఆడిటరు సర్దుతాడులే, ఇప్పుడెందుకు రచ్చ?" అన్నాడు. దాతకు తెలిస్తే ఇంకెప్పుడూ ఇవ్వరని అందరి భయం. నిజం చెప్పాలంటే నాకూ ఆ భయం ఉంది. రాజీనామా రాసి జేబులో పెట్టుకునే పోయాను.

పశువుల డాక్టరు గారు మధ్యలో పడి, "ముందు మేకల సంగతి తేల్చండి" అన్నారు. రాత్రి పదింటికి నాలుగు నిర్ణయాలు మినిట్స్‌లో రాశాం.

ఒకటి, ఆరుగురం తలా 10,000 సంఘానికి వడ్డీ లేని అప్పుగా బ్యాంకు ద్వారా ఇవ్వాలి. ఆ 60,000 లోంచి ముందు మేకల బాకీ తీర్చాలి. రెండు, దాతకు జరిగింది జరిగినట్టు ఉత్తరం రాయాలి. మూడు, మేకల డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. నాలుగు, గ్రాంటు వచ్చేదాకా జీపు కదలకూడదు, అవసరమైతే ఎవరి బండి వాళ్లదే.

ఉత్తరం నేనే రాశాను. మా గానుగకు లోను అడిగినప్పుడు కూడా అంత భయపడలేదు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. సంతోషించలేదు వాళ్లు. మిగిలిన విడత ఆపారు, మూడు నెలలకోసారి లెక్క పంపమన్నారు, వాడిన డబ్బు వెనక్కి వేసి చూపించమన్నారు. కానీ తెంచుకోలేదు.

వాచర్ల గ్రాంటు రాగానే 1,08,000 తిరిగి మేకల ఖాతాలో వేశాం, మా అప్పులూ తీరాయి. డీజిలు తాలూకు 38,500 కు మాత్రం ఏ గ్రాంటూ లేదు. సభ్యత్వ రుసుములు, చిన్న విరాళాల నుంచి నెలకు 5,500 చొప్పున ఏడు నెలలు కట్టాం. మాస్టారు నాతో సరిగ్గా మాట్లాడటానికి కూడా దాదాపు అన్ని నెలలు పట్టింది.

పెద్దాయనకు ఏడో రోజు డబ్బు ఇచ్చాం. నేనే వెళ్లాను. 20,000 ఆయన ఖాతాలో వేసి రసీదు మీద వేలిముద్ర తీసుకుంటుంటే, "డబ్బు కాదు నాయనా, వస్తామన్న రోజున రావాల" అన్నాడు. గుళికల సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ వేసవిలో ఆ పల్లె చుట్టుపక్కల చచ్చిన జంతువేదీ మా వాచర్లకు కనపడలేదు. అంతవరకే నాకు తెలుసు.

నా సరుకు సంఘానికి వద్దన్నాను

తర్వాత వాచర్ల క్యాంపుకు రేషన్ కొనాల్సి వచ్చింది. "మన అబ్బాయి దగ్గరే కొర్రలు, నూనె తీసుకుందాం, నాణ్యమైన సరుకు" అన్నారు. నాకూ ఆశగానే ఉంది. కానీ చెక్కు మీద సంతకం చేసే చెయ్యే బిల్లు రాస్తే ఎలా? అంత కావాలంటే మూడు చోట్ల ధర తెప్పించండి, నిర్ణయం చేసేటప్పుడు నేను బయటికి పోతాను, అదీ మినిట్స్‌లో రాయండి అన్నాను. చివరికి వేరే చోట కొన్నారు. అది నాకు చిన్న నష్టం, పెద్ద నిద్ర.

మిమ్మల్ని కూర్చోబెడితే ఇవి చూసుకోండి

– ఒప్పుకునే ముందే గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సొసైటీ రిజిస్ట్రారుకు ఇచ్చిన కమిటీ జాబితా అడగండి. "తర్వాత ఇస్తాం" అంటే మీరూ తర్వాతే ఒప్పుకోండి.

– ప్రతి చెక్కుకీ రెండు సంతకాలు. ఖాళీ చెక్కు మీద ముందు సంతకం ఎంత మంచివాళ్లదైనా వద్దు.

– ఏ పని కోసం వచ్చిన డబ్బు ఆ పనికే. వేరే పనికి వాడాల్సి వస్తే ముందు దాతను అడిగి, రాతలో అనుమతి తీసుకోండి.

– నగదు తగ్గించండి. ఆదాయపన్ను మినహాయింపు ఉన్న సంఘం ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే, ఆ ఖర్చును ఆశయాల ఖర్చుగా ఒప్పుకోరు. దాత 2,000 దాటి నగదు ఇస్తే ఆయనకు 80జి రాయితీ రాదు. 80జి ఉన్న సంఘం విరాళాల వివరం ఏటా మే 31 లోపు ఆన్‌లైన్‌లో పెట్టాలి.

– అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లలు పంపే డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, తెలుగువాడైనా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. మాకు ఆ అనుమతి లేదు. ఒకాయన ప్రేమగా ఇస్తానన్న డబ్బును దండం పెట్టి వద్దన్నాను.

– లెక్క నెలనెలా ఒక పేజీలో, అందరికీ అర్థమయ్యేలా చదివి వినిపించండి. మా మీటింగులో ఇప్పుడు మొదటి అంశం అదే, టీ రాకముందే.

ఇంక పందుల సంగతి

ఈ రబీలో వేరుశనగ చుట్టూ కుసుమ వరుసలు వేశాను. ముళ్లకు పందులు జంకుతాయి. పూర్తిగా ఆగుతాయని చెప్పను. కరెంటు తీగ పెట్టమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. అది నేరం, పైగా రాత్రి నీళ్లు కట్టటానికి పోయే మన మనిషే దానికి తగిలి పోవచ్చు. నా చేను నష్టానికి సంఘం నుంచి నేను రూపాయి తీసుకోలేదు. పంచనామా రాయించి అందరిలాగే ప్రభుత్వానికి అర్జీ పెట్టాను. అది ఇంకా నడుస్తోంది.

మొన్న మామ గానుగ దగ్గరికి వచ్చి, చెక్కకోసం కూర్చున్నాడు. మాటల్లో మాటగా, "మా దొడ్లో మేకపోతును రాత్రి ఏదో ఎత్తకపోయింది. మీ వాళ్లకు ఎట్ట చెప్పాల?" అని అడిగాడు. వాచరు నంబరు ఇచ్చాను. తీర్మానం రోజున మేక యజమాని నా బంధువని చెప్పి, బయట నిలబడ్డాను.

కుసుమ సరిహద్దు వీడియో కోత అయ్యాక పెడతాను. మీ సంఘాల్లో లెక్కల ఇబ్బందులుంటే కింద రాయండి, తెలిసినంతవరకు చెబుతాను.