శ్రీహరికోట ప్రయోగాల నుంచి పరిశోధన ఫలితాల దాకా: ఖగోళ శాస్త్రంలో ఉమ్మడి సమాచార, గణన వ్యవస్థల పాత్ర

(ప్రత్యేక వ్యాసం)

నెల్లూరు: 2015 సెప్టెంబరు 28వ తేదీ ఉదయం 10 గంటలకు శ్రీహరికోటలోని సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం నుంచి పి.ఎస్.ఎల్.వి.-సి30 రాకెట్ నింగికెగసింది. ఖగోళ పరిశోధన కోసమే రూపొందించిన మొట్టమొదటి భారతీయ అంతరిక్ష వేధశాల ఆస్ట్రోశాట్‌ను, దానితోపాటు ఇండోనేషియా, కెనడా, అమెరికా దేశాలకు చెందిన మరో ఆరు ఉపగ్రహాలను కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఈ కార్యక్రమమంతా అరగంటలోపే పూర్తయింది. పరిశోధకుల పని మాత్రం అప్పుడే మొదలైంది. అది పదేళ్ల తరువాత కూడా సాగుతూనే ఉంది.

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ గల శ్రీహరికోట దీవి ఆనాడు నెల్లూరు జిల్లాలో అంతర్భాగం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలో చేరింది. నెల్లూరు తీరవాసులకు రాకెట్ ప్రయోగం కంటికి కనిపించే దృశ్యం. ఆ ప్రయోగం ద్వారా సమకూరే శాస్త్ర సమాచారం మాత్రం కంటికి కనిపించదు. దానిని స్వీకరించి, శుద్ధి చేసి, భద్రపరచి, అర్హులైన వారందరికీ అందించే ఉమ్మడి వ్యవస్థ లేనట్లయితే ఎంతటి ప్రయోగమైనా అసంపూర్ణమే. ఈ వ్యవస్థ స్వరూపం, పనితీరు, ఆవశ్యకతలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రోజుకు 420 గిగాబిట్లు

ఆస్ట్రోశాట్ భూమికి సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు కేవలం 6 డిగ్రీల వాలుతో గల కక్ష్యలో పరిభ్రమించేలా ప్రయోగించబడింది. దానిలో అయిదు ప్రధాన పరికరాలు ఉన్నాయి. వీటి సాయంతో అతినీలలోహిత కిరణాలను, వివిధ శక్తిస్థాయిల ఎక్స్-కిరణాలను ఒకే సమయంలో పరిశీలించే వీలు కలిగింది. రోజుకు 420 గిగాబిట్ల సమాచారాన్ని, అంటే సుమారు 52 గిగాబైట్లను సేకరించగలిగే విధంగా ఉపగ్రహాన్ని రూపొందించారు. రోజుకు చేసే 14 ప్రదక్షిణల్లో 10 ప్రదక్షిణలు బెంగళూరు భూకేంద్రానికి అందుబాటులో ఉంటాయి. ఆ సమయాల్లోనే సమాచారం భూమికి చేరుతుంది.

ఈ సమాచారానికి నిలయం బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో గల భారత అంతరిక్ష విజ్ఞాన సమాచార కేంద్రం. చంద్రయాన్-1 మొదలుకొని ఇస్రో శాస్త్ర ప్రయోగాల సమాచారమంతా ఇక్కడికే చేరుతోంది. ఒక్కొక్క ఉపగ్రహానికి ఒక్కొక్క భాండాగారం నిర్మించుకొనే బదులు అన్నింటికీ ఒకే కేంద్రాన్ని ఏర్పాటు చేయడం వలన వ్యయం తగ్గడమే కాక, ఒక ప్రయోగంలో గడించిన అనుభవం మరో ప్రయోగానికి ఉపకరిస్తోంది.

ముడి సమాచారం నుంచి శాస్త్ర సమాచారం వరకు

ఉపగ్రహం పంపే సంకేతాలు యథాతథంగా పరిశోధనకు పనికిరావు. ఒక ఎక్స్-కిరణం పరికరాన్ని ఏ క్షణంలో తాకింది, ఆ సమయంలో ఉపగ్రహం ఏ దిక్కుకు తిరిగి ఉంది, పరికరం ఉష్ణోగ్రత ఎంత అన్న వివరాలను జతచేస్తే తప్ప ఆ సంకేతానికి అర్థం ఏర్పడదు. బ్యాలాలు కేంద్రంలో సమాచారాన్ని వరుసక్రమంలో పేర్చి, కాలాన్ని, స్థానాన్ని జోడించిన అనంతరం ఆయా పరికరాలను నిర్మించిన సంస్థలకు పంపుతారు. అతినీలలోహిత దూరదర్శినికి సంబంధించినది బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థకు, రెండు ఎక్స్-కిరణ పరికరాలకు సంబంధించినది ముంబయిలోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థకు, మరొకటి పుణెలోని ఆయుకా సంస్థకు వెళ్తుంది. అక్కడి నిపుణులు పరికర దోషాలను సవరించి, శాస్త్రవేత్తలు వాడుకోదగిన రూపంలో సమాచారాన్ని మరల బ్యాలాలుకు చేరుస్తారు.

పరిశీలనను ప్రతిపాదించిన పరిశోధకునికి నిర్ణీత కాలం పాటు ఆ సమాచారంపై ప్రత్యేక హక్కు ఉంటుంది. ఆ గడువు ముగిసిన తరువాత అది అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఈ విధంగా ఆస్ట్రోశాట్ సమాచార భాండాగారాన్ని 2018 సెప్టెంబరులో ప్రజలకు తెరిచారు.

అందరికీ ఒకే నమూనా

సమాచారం ఉంటే చాలదు, దానిని అందరూ చదవగలగాలి. ఈ అవసరాన్ని ఖగోళ శాస్త్రవేత్తలు చాలా ముందుగానే గుర్తించారు. 1981లో ప్రచురితమైన ‘ఫిట్స్’ అనే ఫైలు నమూనా నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఈ ఫైలులో చిత్రంతో పాటు అది ఏ దూరదర్శినితో, ఎప్పుడు, ఆకాశంలో ఏ భాగంలో తీసినదో తెలిపే వివరాలు కూడా శీర్షభాగంలో ఇమిడి ఉంటాయి. అందువలన చిత్రం తీసిన వ్యక్తి లేకపోయినా చిత్రం చెప్పవలసినది చెప్పగలుగుతుంది.

వివిధ దేశాల భాండాగారాలను ఒకే వేదికపై కలపడానికి 2002లో అంతర్జాతీయ వర్చువల్ అబ్జర్వేటరీ కూటమి ఏర్పడింది. మన దేశం నుంచి ఆయుకా, పెర్సిస్టెంట్ సిస్టమ్స్ సంస్థలు సంయుక్తంగా చేపట్టిన వర్చువల్ అబ్జర్వేటరీ-ఇండియా పథకం ఇందులో భాగస్వామి అయింది. ఆ పథకం కింద తయారైన వి.ఓ.ప్లాట్ వంటి సాఫ్ట్‌వేర్ పరికరాలు విదేశీ పరిశోధకులకు కూడా ఉపయోగపడ్డాయి.

ఇటువంటి కలయిక ఫలితం 2020లో స్పష్టమైంది. ఆయుకా శాస్త్రవేత్త కనక్ సాహా నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో గల ఒక గెలాక్సీ నుంచి వెలువడిన తీవ్ర అతినీలలోహిత కాంతిని ఆస్ట్రోశాట్ ద్వారా గుర్తించింది. 2016 అక్టోబరులో 28 గంటలకు పైగా సాగిన పరిశీలనలను విశ్లేషించి, ఆ సంకేతం నిజమైనదేనని నిర్ధారించుకోవడానికి సుమారు రెండేళ్లు పట్టింది. ఆకాశంలోని ఆ భాగాన్ని హబుల్ దూరదర్శిని అంతకు ముందే చిత్రించి ఉండటం, ఆ చిత్రాలు అందరికీ అందుబాటులో ఉండటం పరిశోధనకు తోడ్పడ్డాయి.

తెలుగు నేలకు కొత్త కాదు

ఆకాశ సమాచారాన్ని ప్రపంచ దేశాలు కలిసి కూడబెట్టుకోవడం కంప్యూటర్లతో ఆరంభమైన ఆలోచన కాదు. నక్షత్రాలన్నింటినీ ఛాయాచిత్రాల ద్వారా నమోదు చేయాలన్న అంతర్జాతీయ పథకానికి 1887లో పారిస్ సమావేశం శ్రీకారం చుట్టింది. ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు కేటాయించారు. హైదరాబాదులోని నిజామియా వేధశాల ఇందులో పాలుపంచుకొని, దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల వరకు గల పట్టీని, ఆ తరువాత ఉత్తరాకాశంలో 36 నుంచి 39 డిగ్రీల వరకు గల పట్టీని చేపట్టింది. 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో తీసిన గాజు పలకలపై ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి, 12 సంపుటాలుగా ప్రచురించింది. 1918 నుంచి 1944 వరకు సంచాలకులుగా వ్యవహరించిన టి.పి. భాస్కరన్ హయాంలో ఈ కృషి ప్రధానంగా సాగింది.

ఈ సంపుటాలు గ్రంథాలయాలకే పరిమితం కాలేదు. అన్ని వేధశాలల కొలతలను తరువాతి కాలంలో కంప్యూటర్లలోకి ఎక్కించారు. 25 లక్షల నక్షత్రాల స్థానాలను, గమనాలను తెలిపే టైకో-2 పట్టిక 2000 సంవత్సరంలో వెలువడింది. ఐరోపా ఉపగ్రహం హిప్పార్కస్ కొలతలను పాత కొలతలతో పోల్చి ఆ గమనాలను లెక్కించారు. ఇన్ని దశాబ్దాలలో నక్షత్రం ఎంత దూరం జరిగిందో తెలియాలంటే అది పూర్వం ఎక్కడ ఉందో తెలియాలి కదా. బేగంపేటలో కొలిచిన అంకెలు ఆ విధంగా అంతరిక్ష యుగానికి పనికివచ్చాయి.

నౌక ఆగినా సమాచారం ఆగదు

శ్రీహరికోట నుంచి 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్-1తో 2009 ఆగస్టు 29న సంబంధాలు తెగిపోయాయి. అయినప్పటికీ అందులోని అమెరికా పరికరం పంపిన సమాచారాన్ని మరల విశ్లేషించిన శాస్త్రవేత్తలు చంద్రుని ధ్రువ ప్రాంతాల ఉపరితలంపై మంచు ఉన్నదనడానికి ప్రత్యక్ష ఆధారాలను 2018లో ప్రకటించారు. నౌక మూగబోయిన తొమ్మిదేళ్లకు ఈ ఫలితం వచ్చింది.

ఆస్ట్రోశాట్ విషయంలోనూ ఇదే జరిగింది. అతినీలలోహిత దూరదర్శినిలోని ఒక విభాగం 2018లో పనిచేయడం మానివేసింది. అంతకు ముందు అది తీసిన చిత్రాలు భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. అటువంటి చిత్రాలను మరల తీయడం ఇక ఆ పరికరానికి సాధ్యం కాదు. పరికరానికి ఆయుర్దాయం ఉంటుంది. సమాచారానికి ఆయుర్దాయం దానిని భద్రపరిచే వారి శ్రద్ధను బట్టి ఉంటుంది.

ఉమ్మడి గణన వ్యవస్థ అవసరం

రానున్న కాలంలో భద్రపరచడంతో పాటు గణన కూడా పెను సమస్య కానుంది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలలో నిర్మాణంలో ఉన్న స్క్వేర్ కిలోమీటర్ ఎరే రేడియో దూరదర్శినులు ఏటా సుమారు 700 పెటాబైట్ల సమాచారాన్ని అందించగలవని అంచనా. ఒక పెటాబైట్ పది లక్షల గిగాబైట్లకు సమానం. ఆస్ట్రోశాట్ ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో పనిచేసినా వచ్చేది 20 టెరాబైట్లకు లోపే. అంటే దానికి ముప్పై అయిదు వేల రెట్లకు మించిన సమాచారాన్ని సంభాళించవలసి ఉంటుంది. ఈ పథకంలో భారత భాగస్వామ్యానికి సుమారు 1,250 కోట్ల రూపాయల మేరకు కేంద్ర ప్రభుత్వ ఆమోదం లభించినట్లు 2024 జనవరిలో వెల్లడైంది.

ఇంతటి సమాచారాన్ని ప్రతి పరిశోధకుడూ తన కంప్యూటరులోకి దించుకోవడం సాధ్యం కాదు. కనుక సమాచారాన్ని పరిశోధకుని వద్దకు పంపే పద్ధతికి బదులు, పరిశోధకుని ప్రోగ్రామునే సమాచారం ఉన్న చోటికి పంపి, ఫలితాన్ని మాత్రమే తెచ్చుకొనే పద్ధతి ప్రాధాన్యం సంతరించుకుంటోంది. ఇందుకు శక్తిమంతమైన ఉమ్మడి కంప్యూటర్లు, వాటిని కలిపే వేగవంతమైన నెట్‌వర్క్ రెండూ అవసరం.

2015లో 4,500 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో ప్రారంభమైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ ఈ దిశగా ఒక ముందడుగు. దీని కింద హైదరాబాదు ఐ.ఐ.టి.లో నెలకొల్పిన పరమ్ సేవా 838 టెరాఫ్లాప్‌ల సామర్థ్యం కలది. ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల గణనలు. 2024 సెప్టెంబరు 26న జాతికి అంకితమైన మూడు పరమ్ రుద్ర కంప్యూటర్లలో ఒకదానిని పుణెలోని జి.ఎం.ఆర్.టి. రేడియో దూరదర్శిని పరిశోధనలకు కేటాయించారు. విద్యా, పరిశోధన సంస్థలను కలిపే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ పథకానికి 2010లో ఆమోదం లభించింది.

దూరదర్శిని లేని కళాశాలకు సైతం

పెద్ద దూరదర్శినిని కొనుగోలు చేయడం జిల్లా కేంద్రంలోని కళాశాలకు సాధ్యం కాని పని. ఉమ్మడి భాండాగారం ఈ అంతరాన్ని చాలావరకు తొలగిస్తుంది. సాధారణ కంప్యూటరు, ఇంటర్నెట్ సౌకర్యం, ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్ ఉంటే నెల్లూరులోనో, కావలిలోనో చదువుకొనే భౌతిక శాస్త్ర విద్యార్థి సైతం పేరు నమోదు చేసుకొని, పెద్ద సంస్థల శాస్త్రవేత్తలు వాడే సమాచారాన్నే పొందగలుగుతాడు. అయితే సమాచారం అందినంత మాత్రాన దానిని విశ్లేషించడం రాదు. ఈ లోటును పూరించడానికే ఆస్ట్రోశాట్ కొరకు ఆయుకాలోను, సూర్యుని అధ్యయనం చేసే ఆదిత్య-ఎల్1 కొరకు ఏరీస్ సంస్థ ఆధ్వర్యంలో హల్ద్వానీలోను సహాయ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. ఈ శిక్షణను అధ్యాపకులకు చేరువ చేయడంలో కళాశాలల, విశ్వవిద్యాలయాల చొరవ కీలకం.

ప్రయోగ సమయాల్లో వేటకు వెళ్లరాదన్న హెచ్చరికలను పాటించి, పడవలను ఒడ్డున నిలిపే మత్స్యకార కుటుంబాలు ఈ తీరం పొడవునా ఉన్నాయి. ఆ రాకెట్లు మోసుకెళ్లిన పరికరాలు పంపే సమాచారం ఆ కుటుంబాల పిల్లలు చదివే కళాశాలలకు చేరినప్పుడే ఈ ప్రాంతానికి న్యాయం జరిగినట్లవుతుంది.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసిన అంశాలు

ప్రయోగం విజయవంతం కావడం, శాస్త్ర సమాచారం వెలువడటం వేర్వేరు ఘట్టాలు. ఆదిత్య-ఎల్1 శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరి, 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని గమ్యస్థానాన్ని 2024 జనవరి 6న చేరింది. దాని సమాచారం తొలి విడతగా 2025 జనవరి 6న ‘ప్రదాన్’ పోర్టల్ ద్వారా పరిశోధకులకు విడుదలైంది. ఈ నడిమి కాలాన్ని జాప్యంగా భావించరాదు. పరికరాల కొలతలను సరిచూడటానికి అంత వ్యవధి అవసరం.

ఎక్స్-కిరణాల, అతినీలలోహిత కిరణాల చిత్రాలలోని రంగులు కంటికి కనిపించే రంగులు కావు. వివరాలు తేటపడటానికి శాస్త్రవేత్తలు కేటాయించినవి. వార్తలో ఈ విషయాన్ని పేర్కొనడం సముచితం.

పథకాల రూపకల్పనలో కంప్యూటర్ల కొనుగోలుతో పాటు విద్యుత్తు, శీతలీకరణ, నకళ్ల భద్రత, పాత ఫైళ్లను కొత్త నిల్వ సాధనాలకు మార్చడం, శిక్షణ పొందిన సిబ్బంది కొనసాగింపు వంటి అంశాలకు కూడా నిధులు కేటాయించవలసి ఉంటుంది. యంత్రాలను ఒకసారి కొంటే సరిపోతుంది. భాండాగారాన్ని ఏటేటా పోషించాలి.

అయిదేళ్ల ఆయుర్దాయంతో రూపొందిన ఆస్ట్రోశాట్‌కు 2025 సెప్టెంబరు 28 నాటికి పదేళ్లు నిండాయి. ఏదో ఒకనాడు దాని పరికరాలన్నీ ఆగిపోక తప్పదు. బ్యాలాలులోని ఫైళ్లు మాత్రం, తగిన సంరక్షణ ఉన్నంత కాలం, నిజామియా సంపుటాల వలెనే ఇంకా పుట్టని ప్రశ్నలకు సమాధానాలను దాచి ఉంచుతాయి.